మహాసభకు ఒక్కరే

మా చెల్లెలికి మైకు ముందు నోరు తడబడదు. నాకు తడబడుతుంది. మా ఇద్దరి మధ్య వచ్చిందంతా ఈ ఒక్క తేడాతోనే వచ్చిందని చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను పెళ్లయి ఆదోని వచ్చాను. మా ఆయనకు జిన్నింగు మిల్లులో పని. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని రవికెలు కుట్టేదాన్ని. చెల్లెలిని ఎమ్మిగనూరులో మగ్గాలున్న ఇంటికి ఇచ్చారు. నాన్న పోయాక అమ్మ హొళగుందలోనే ఉండిపోయింది. నోరు తెరిస్తే సగం తెలుగు, సగం కన్నడం.

ఎనభైల మొదట్లో నాకు రాజకీయాల పిచ్చి పట్టింది. మా పార్టీ పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు. ఎన్నికల్లో గెలిచే పార్టీ కాదు. కరువు పనులు పెట్టమని, తాగే నీళ్లు ఇమ్మని తాలూకా ఆఫీసు ముందు ఎండలో కూర్చునే చిన్న పార్టీ. సీమవాడే ఒక పెద్దాయన దానికి నాయకుడు. ఆయన ఆదోని వచ్చి మాట్లాడినప్పుడు నేను మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి విన్నాను. అరవడు, చెయ్యి ఊపడు. మన ఇంట్లో కూర్చుని బావి ఎండిపోయిన సంగతి చెబుతున్నట్టు మాట్లాడతాడు. మరునాడే చేరిపోయాను. జెండాలు నేనే కుట్టాను. పక్కింట్లో గాజుల వ్యాపారం చేసుకునే ముస్లిం పెద్దావిడను, సందులో అందరికీ ఖాలా, అంటే పిన్ని, తోడు తీసుకుని సందు సందూ తిరిగి ఆడవాళ్లను చేర్పించాను. హొళగుంద పోయినప్పుడు అమ్మ చేత కూడా సభ్యత్వం తీసుకునేట్టు చేశాను.

చెల్లెలిని పార్టీలోకి తెచ్చింది కూడా నేనే. ఎమ్మిగనూరులో సభ పెడుతున్నారు, పక్కన కూర్చోనైనా కూర్చో అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. అక్కడ మాట్లాడాల్సిన ఆడమనిషి రాలేదు. ఎవరో మైకు తెచ్చి చెల్లెలి ముందు పెట్టారు. తను లేచి, నూలు ధర పెరిగితే తమ ఇంట్లో పొయ్యి మీద ఏం తగ్గుతుందో చెప్పింది. అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని విన్నారు. చివర్లో మగవాళ్లు ఈలలు వేశారు.

అప్పటి నుంచి నేను 'ఎమ్మిగనూరామె వాళ్లక్క'నయ్యాను. ఆదోనిలో, మా సందులో, నేను కుట్టిన జెండా కింద నిలబడి, "మీ చెల్లెలు రాలేదామ్మా?" అని నన్నే అడిగేవారు. "వస్తాండాది," అనేదాన్ని నవ్వుతూ. ఇంటికొచ్చి మిషను తొక్కితే దారం తెగేది. తను కొత్త చీర కట్టుకుని వేదికెక్కితే ఆ చీర రంగు కూడా నాకు నచ్చేది కాదు. తనేమీ గొప్పలు పోయేది కాదు. కనీసం గొప్పలు పోయినా బాగుండేది, మనసారా కోపగించుకునేదాన్ని.

ఇట్లా ఉండగా రాష్ట్ర మహాసభ వచ్చింది. హైదరాబాదులో. రాష్ట్ర అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. మా పెద్దాయనకు పోటీగా సర్కారు జిల్లాల నాయకుడొకాయన నిలబడ్డాడు. చెయ్యెత్తి ఓటేసే హక్కు ప్రతినిధులకే. ఆదోని, ఎమ్మిగనూరు, చుట్టుపక్కల ఊళ్లు అన్నీ కలిపి ఆడవాళ్ల తరఫున ఒక్కరే పోవాలన్నారు. ఇక్కడ అందరం పెద్దాయన వైపే, అందులో తగువు లేదు. ఆయనకు చెయ్యెత్తడానికి పోయేదెవరనేదే ప్రశ్న. నేనేననుకున్నాను. ఖాలా కూడా, "నువ్వు గాక ఇంకెవురు పోతారు బేటీ?" అంది.

ఒక ఉదయం చెల్లెలు బస్సు దిగి మా ఇంటికొచ్చింది. నీళ్లు తాగింది. చాలాసేపు మిషను మీది గుడ్డనే నిమురుతూ కూర్చుంది.

"అక్కా, నేనూ నిలబడదామని అనుకుంటాండా," అంది.

"ఎవురు సెప్పినారు నిలబడమని?"

"ఎవురూ సెప్పలేదు. ఆయప్పకు చెయ్యెత్తాలని నాకూ ఉండదా?"

"నువ్వు వచ్చింది నిన్న మొన్న కదే!"

"ముందొచ్చినోళ్లకే ఆశ ఉంటాదా అక్కా?"

నేను మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాను. తను చెంబు కడిగి బోర్లించి, వెళ్లిపోయింది.

సమావేశం ఆదోనిలోనే ఒక సత్రం ఆవరణలో పెట్టారు. కర్నూలు నుంచి పరిశీలకుడు వచ్చాడు. చేతులెత్తించి లెక్కపెట్టబోతే గందరగోళమైంది. దాంతో ఆయన, "ఇట్లయితే తేలదు. ఈమెకు కావాలనేవాళ్లు ఈ గోడ దగ్గర, ఆమెకు కావాలనేవాళ్లు ఆ గోడ దగ్గర నిలబడండి," అన్నాడు. ఆడవాళ్లు నవ్వుకుంటూ, ఒకరినొకరు లాక్కుంటూ కదిలారు. మా సందు వాళ్లంతా నా వెనక చేరారు. ఖాలా అందరికంటే ముందు నిలబడింది. అవతలి గోడ దగ్గర చెల్లెలి వెనక మగ్గాల వీధి నుంచి వచ్చిన ఒకరిద్దరే ఉన్నారు. మిగతా వాళ్లు బస్సు తప్పిపోయి రాలేకపోయారట. దేవనకొండ వైపు నుంచి లారీలో వచ్చిన కూలి ఆడవాళ్లు మాత్రం ఎటూ పోకుండా మధ్యలో గుంపుగా ఉన్నారు. వాళ్లకు మేమిద్దరమూ కొత్తే.

హొళగుంద నుంచి వచ్చిన అమ్మ కూడా మధ్యలోనే నిలబడి ఉంది. ఇటు చూసింది, అటు చూసింది. కొంగు సర్దుకుని మెల్లగా చెల్లెలి వైపు నడిచింది.

పొరపాటున పోతోందనుకున్నాను. "అమ్మా, నేనీడ!" అని కేకేశాను.

"గొత్తు, గొత్తు," అని వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది. తెలుసు తెలుసు అని.

అమ్మ పోయి చెల్లెలి పక్కన నిలబడగానే దేవనకొండ ఆడవాళ్లలో ఒకామె గట్టిగా అంది: "కన్నతల్లే ఆయమ్మ తట్టు పోయిందంటే ఏదో ఉంటాది. పాండి." గుంపంతా అమ్మ వెనకాలే కదిలింది.

పరిశీలకుడు రెండు గోడలకూ రెండుసార్లు నడిచి లెక్కపెట్టాడు. కొద్ది తేడాతో చెల్లెలే. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతులు ఎవరివో అన్నట్టుగా అనిపించాయి.

సాయంత్రం అమ్మ మా ఇంట్లోనే దిగింది. జొన్నరొట్టె కంచంలో వేసి ముందు పెట్టి, మిషను వైపు తిరిగి కూర్చున్నాను. రొట్టె సగం తిన్నాక తనే అడిగింది: "నామీద సిట్టు పెట్టుకుంటివా?" సిట్టు అంటే కన్నడంలో కోపం.

"కూతురంటే అదొక్కతేనా నీకు?" అన్నాను.

"అట్లంటావేమే? నీ యెనక గోడ కనపడకుండా జనం ఉండ్రి. అది ఆడ ఒంటిగా నిలబడి ఉండె. బిడ్డ ఒంటిగా ఉంటే సూస్తా ఎట్లుండేది?"

"నీ వల్లనే నేను ఓడిపోయినా."

"నేనొక్కదాన్నే కదా పోయింది!" అంది అమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి.

తన వెనక ఎంతమంది నడిచారో ఆమె తిరిగి చూసుకోనే లేదు. ఆమె ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. చెల్లెలంటే ఎక్కువ ప్రేమ అని చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. నాకేమీ తక్కువ లేదనుకుంది ఆమె. దానితో ఎట్లా పోట్లాడను?

మహాసభకు పోయే ముందు చెల్లెలు నా దగ్గరికి రవిక గుడ్డ తెచ్చింది. "హైదరాబాదుకు ఏసుకునేకి కుట్టిస్తావా అక్కా?" అని అడిగింది. దర్జీలు ఎమ్మిగనూరులో లేరా అనబోయాను. అనలేకపోయాను. తీసుకుని కుట్టాను. చంక దగ్గర బిగించేద్దామని ఒక్క క్షణం అనిపించింది గానీ, చేతులకు అలవాటైన పని, అవి నా మాట వినలేదు. రవిక చక్కగా కుదిరింది.

తను హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ నేనూ అక్కడే ఉన్నాను. ఇప్పుడు బస్సు దిగి ఉంటుంది, ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉంటుంది, ఇప్పుడు చెయ్యెత్తి ఉంటుంది. కూర మాడిపోయిందని మా ఆయన చెప్తేగానీ తెలిసేది కాదు.

తిరిగొచ్చిందని తెలిసినా నేను పోలేదు. తనే వచ్చి చెప్పాలని పంతం. తను రాలేదు. చివరకు ఉండబట్టలేక బస్సెక్కాను. వాళ్లింట్లో మగ్గం ఆడుతోంది. చెల్లెలు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఓటే పెట్టలేదక్కా," అంది.

పెద్దాయన వేదిక మీద లేచి, పార్టీ చీలిపోకూడదు, నేను తప్పుకుంటున్నానని చెప్పాడట. అవతలాయన పేరు ప్రకటించేశారు. దండలు తెస్తున్నారు. చెల్లెలు అంత పెద్ద హాలులో లేచి నిలబడిందట.

"మేము మీకు చెయ్యెత్తనీకి వచ్చినామప్పా, ఎత్తకుండా యాడికి పోవాల అని అరిసినా. అందురూ తిరిగి సూసినారు. ఆయప్ప ఒక్క మాట గూడా మాట్లాడలే. దండం పెట్టి తల దించుకున్నాడు. నేను ఆడనే కూసోని ఏడిసినా."

ఇది వింటే నాకు లోపలెక్కడో కొంచెం చల్లబడాలి. చెయ్యెత్తే భాగ్యం తనకూ దక్కలేదు కదా. చల్లబడలేదు. ఆయన అధ్యక్షుడు కాలేదని పేపర్లో చూసిన రోజు నేనూ ఏడ్చాను, వంటింట్లో, పొయ్యి ఊదుతూ. తను ఆయన ఎదుట ఏడ్చింది. ఆయన కళ్లారా చూశాడు. ఆ ఏడుపు మీద కూడా నాకు అసూయ పుట్టింది.

తర్వాతి ఏడు ఎండాకాలంలో పెద్దాయన రైల్లో ఆదోని వచ్చాడు. అధ్యక్షుడు కాలేదు కాబట్టి స్టేషనుకు వచ్చిన వాళ్లం కొద్దిమందిమే. నేను దండ వేశాను. ఆయన చిక్కిపోయాడు. నా ముఖంలోకి తేరిపార చూసి ఆగిపోయాడు.

"హైదరాబాదులో లేసి అడిగిన అమ్మవు నువ్వే కదూ?"

మా ఇద్దరి ముఖాలూ ఒకటేనని అందరూ అంటారు. అవునంటే ఆయన నమ్మేవాడు.

"కాదప్పా. ఆమె మా చెల్లెలు. ఎమ్మిగనూరులో ఉంటాది," అన్నాను.

"అట్లనా? ఆ పొద్దు ఆయమ్మకు జవాబు సెప్పలేకపోతినమ్మా. ఇప్పుటికీ మనసులో ఉండాది. నేను అడిగినానని సెప్పు," అని నా తల మీద చెయ్యి పెట్టి, జనంతో పాటు ముందుకు సాగిపోయాడు.

మరునాడే ఎమ్మిగనూరు పోయాను. చెల్లెలు సంతోషిస్తుందనుకున్నాను. రాట్నం ఆపి అంతా వింది.

"నీతో మాట్లాడినాడా?" అంది.

"నీ గురించే మాట్లాడినాడు."

"అదిగాదు. నీతో మాట్లాడినాడా? ఎదురుగా నిలబడి?"

"అవును."

"తల మీద చెయ్యి పెట్టినాడా?"

"పెట్టినాడు."

"అంత దూరం పోయి, అందరి ముందర అరిస్తే నాతో ఒక్క మాట మాట్లాడలే," అంది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నాళ్లూ నేను తనను అట్లాగే చూశాను. నాకు నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు. మొదటిసారి తన పక్కన, నేల మీద, హాయిగా కూర్చున్నాను.

"మళ్లీ సెప్పక్కా. మొదట్నుంచీ సెప్పు," అంది.

రైలు ఆగిన దగ్గర నుంచి చెప్పాను. అయిపోయాక తను కండెల గంప దూరంగా జరిపి, గోడ వైపు తిరిగి కూర్చుంది. అన్నం పెడతానని అనలేదు. నేనే లోపలికి పోయి ఇద్దరికీ కంచాలు తెచ్చాను.