చింతపండు తగలని ఏనుగు

ఈరోజు కలగలిపి అమ్మిన పాత నాణేల సంచి కొని విప్పగానే మా అమ్మ చేతుల వాసన వచ్చింది. చింతపండుతో బిందెలు తోమిన రోజులు గుర్తున్నాయా, నేస్తాలూ? అనకాపల్లిలో మాది పాత ఇత్తడి సామాన్ల కొట్టు. తూకానికొచ్చిన చెంబుల్లో నాణేలు దొరికితే నేను వాటినీ తోమబోయేదాన్ని.

"ఓలే, ఆగు! ఆ నలుపు పోతే బొమ్మా పోద్ది. ముందు ఎలుగులో ఎట్టి సూడు," అనేది అమ్మ.

ఈ సంచిలోని ఒక నల్లటి సీసపు బిళ్ళను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టాను. మసగ్గా తొండం, ఆ వెనకే ఏనుగు. శాతవాహనుల నాణెం!

మా అమ్మాయి ఉత్సాహంగా చింతపండు తెచ్చింది.

"ఓలే, ఆగు!" అని అరిచాను.

బళ్ళో నన్ను 'పాతసామాన్లావిడ కూతురు' అనేవారు. అవును, ఆవిడ కూతుర్నే.