అన్నయ్య కారు

వీధిలో అందరూ మెచ్చుకునే ఆ టైలర్‌కు నాన్న మెప్పు మాత్రం ఎన్నడూ దక్కలేదు. ఆయన ప్రాణమంతా మెకానిక్ అయిన పెద్దకొడుకు మీదే. ఆ పెద్దకొడుకు తన పాత కారులో పోతూ గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఆ దిగులుతోనే ఆయన పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు.

నుజ్జయిన కారును టైలర్ పెరట్లో పెట్టుకుని, వాళ్లనూ వీళ్లనూ అడిగి పని నేర్చుకుంటూ ఏళ్ల తరబడి బాగుచేశాడు. రేకులు సాపుచేశాడు. కొత్త ఇంజనూ డిస్క్ బ్రేకులూ వేశాడు. సీటు కవర్లు తానే కుట్టాడు. ఓ ఆదివారం భార్య సాయంతో నాన్నను ఎత్తి ముందుసీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"ఏదో గడగడమంటోంది. అదే పెద్దాడు చేసుంటేనా, వెన్నలా పోయేది."

టైలర్ కారు పక్కకు ఆపాడు. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"ఆ రోజు కారుకున్న పాత బ్రేకులు బిగించింది అన్నయ్యే నాన్నా. సరిగ్గా బిగించలేదు. విప్పి చూసింది నేను. అందుకే పోయాడు."

ముసలాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన నోరు మూయించినందుకు టైలర్‌కు ముందు హాయిగా అనిపించింది, ఆ వెంటనే తనమీద తనకే రోత పుట్టింది.

ఇంటి ముందు ఎత్తి దించబోతే, నాన్న పనిచేసే ఒక్క చేత్తో అతన్ని నెట్టేశాడు.

"నువ్వు ముట్టుకోకు. కోడల్ని పిలువు."