లాండ్రీ గదిలో సర్వరు, దాని చుట్టూ ప్రార్థన

శామ్‌ది రేపల్లె. సిడ్నీలో సైబర్ సెక్యూరిటీ చదువుతూ, హారిస్ పార్క్‌లో రాయప్ప అంకుల్ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాడు. జాగ్రత్త అతనికి చదువుతో అబ్బింది కాదు, పుట్టుకతోనే ఉంది. తలుపుకి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూసే రకం.

ఎవరో పారేసిన పాత కంప్యూటరొకటి తెచ్చి బాగుచేసి, లాండ్రీ గదిలో వాషింగ్ మెషీన్ పక్కన సర్వరుగా నిలబెట్టాడు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘం పాడుకునే పాటలన్నీ దాంట్లోనే. ఆదివారం ఆరాధనలో తెర మీద కనిపించే చరణాలు దాన్నుంచే వచ్చేవి. దానికంటూ తెర లేదు, కీబోర్డు లేదు. ఏం చెయ్యాలన్నా లాప్‌టాప్‌లో దాని పేజీ తెరిచి, పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళాలి. శామ్ దాన్ని ఎంత భద్రంగా కట్టాడంటే, పాస్‌వర్డు లేని బయటివాళ్ళు లోపలికి రావడం మాట అటుంచి, అది కూడా తనంతట తానుగా బయట ఎవర్నీ పలకరించడానికి వీల్లేదు.

సంఘం వార్షికోత్సవానికి ముందు శనివారం, కొత్త పాటలు ఎక్కిద్దామని పాస్‌వర్డు కొట్టాడు. పేజీ ఒకసారి రెప్ప వేసి, మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అడిగింది. కావాలని తప్పు పాస్‌వర్డు కొట్టి చూశాడు. వెంటనే ‘తప్పు’ అని ఎర్రక్షరాలతో కసిరింది. ఒప్పుదానికి మాత్రం ఒక్క మాట లేదు. మనిషిని గుర్తుపట్టి కూడా గుమ్మంలోనే నిలబెట్టే చుట్టంలా ఉంది వ్యవహారం. బ్రౌజరు మార్చాడు, అది దాచుకున్న పాత కుకీలు తుడిచాడు, రాయప్ప ఫోన్లోంచి ప్రయత్నించాడు. ఎక్కడైనా అదే తంతు.

రాయప్పది పాలకొల్లు. స్కూలు బస్సు నడుపుతాడు, సంఘంలో పెద్ద. విషయం విని గంభీరంగా తలాడించాడు.

“ఇది టెక్నికల్ కాదబ్బాయ్. వార్షికోత్సవం రేపనగా ఇవాళే ఎందుకు ఆగాలంటావు? ఎవడు ఆపుతున్నాడో నీకు తెలవదు, నాకు తెలుసు.”

“కాదంకుల్, సెషన్ ప్రాబ్లెమ్ అనుకుంటా. లోపల తిరగడానికి అదిచ్చే అనుమతి నిలబడట్లేదు.”

“ఆ సైతాను ఏ పేరుతోనైనా వత్తాడు.”

మధ్యాహ్నానికల్లా పాస్టరుగారు, పాటల బృందంలోని ఎల్సా, ఇంకో అరడజను మంది లాండ్రీ గదిలో కిక్కిరిశారు. రాయప్ప సర్వరు నెత్తిన ప్రార్థన చేసిన ఆలివ్ నూనె రాయబోతుంటే శామ్ అడ్డం పడ్డాడు. “పైన గాలి రంధ్రాలున్నాయంకుల్, పక్కన రాయండి!”

పాస్టరుగారు పద్ధతి మనిషి. “బ్రదర్, యంత్రం బాగుపడాలి ప్రభువా అని గాలిలో అడిగితే ఎలా? బాధ ఏంటో స్పెసిఫిక్‌గా చెప్పండి.”

బాధేమిటో, జరిగిందల్లా సర్వరు వరసగా రాసుకునే చిట్టాలో ఉంటుంది. శామ్ హాల్లో టీవీ మోసుకొచ్చి వాషింగ్ మెషీన్ మీద పెట్టి, సర్వరుకి తగిలించి, ఒక కీబోర్డు కూడా పెట్టి, ఆ వరసలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

“పాస్‌వర్డు సరిపోయింది.”

“స్తోత్రం!” అన్నారందరూ.

“సెషన్ మొదలైంది.”

“హల్లెలూయా!”

“ఆ సెషన్‌తో ఎవరూ రాలేదు.”

“అయ్యో ప్రభువా,” అని ఎల్సా కళ్ళు మూసుకుంది.

“తేదీ కూడా చెప్పండి,” అన్నారు పాస్టరుగారు.

“రెండువేల పది, జనవరి ఒకటి.” చదివింది శామ్‌కే నమ్మబుద్ధి కాలేదు. పాత వరసలేమోనని కిందికి జరిపాడు. అన్నిటికంటే కొత్త వరస కూడా అదే తేదీ. యంత్రం దృష్టిలో తను ఇంకా రేపల్లె బళ్ళో నిక్కర్లేసుకుని తిరుగుతున్నాడు! అది అరగంటకని ఇస్తున్న అనుమతి చీటీ ఆ రెండువేల పదిలోనే గడువు తీరిపోతోంది. లాప్‌టాప్‌కది ఏళ్ళ నాటి చెత్త, అందుకోగానే పారేస్తోంది.

“ఆంటీ! దీని ప్లగ్గేమైనా పీకారా?”

రాయప్ప భార్య అమృతం వంటింట్లోంచే పలికింది. “పొద్దున గ్రైండరుకి పీకాను బాబూ. మళ్ళీ పెట్టేశాను గదా!”

సర్వరు లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు పోగానే గడియారం మొదటికి వెళ్ళింది. మామూలు యంత్రమైతే ఇంటర్నెట్‌లో టైమడిగి దిద్దుకునేది. దీన్ని ఎవరితోనూ మాట్లాడవద్దని కట్టేసింది శామే. తేదీ సరిచేసి, టైమడిగేంత సందు తెరిచి, లాప్‌టాప్‌లో పాస్‌వర్డు కొట్టాడు. పేజీ తెరుచుకుంది.

లాండ్రీ గది దద్దరిల్లింది. రాయప్ప అతన్ని వాటేసుకున్నాడు.

“గడియారం తప్పంకుల్, అంతే!”

“కాలాలు ఎవరి చేతిలో ఉన్నాయబ్బాయ్?” అన్నాడు రాయప్ప. శామ్ కొత్త పాటలు ఎక్కించడం మొదలుపెట్టాడు.

మర్నాడు వార్షికోత్సవంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని అతన్ని నిలబెట్టారు. బ్యాటరీ గురించి, తను చేసిన అతి కట్టడి గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. జనం ప్రతి వాక్యానికీ ఆమెన్ అన్నారు. అది ఒప్పుకోలు అనుకున్నారో, అద్భుతం అనుకున్నారో అతనికి అర్థం కాలేదు. దిగి భోజనాల వైపు వెళ్తే, బిర్యానీ గిన్నె పక్కన అప్పుడే ఫోన్లు పట్టుకుని కొందరు నిలబడి ఉన్నారు.

ముందున్న పెద్దావిడ తన ఫోను చాపింది. “బాబూ, బ్యాంకు యాప్ లోపలికి రానివ్వట్లేదు. నూనె రాత్తావా, ఊరికే చూత్తావా?”

“ఊరికే చూస్తానాంటీ,” అన్నాడు శామ్, ప్లేటు కింద పెట్టి. “ముందు టైమెంత చూపిస్తోందో చెప్పండి.”