కిలియన్ కలిపిన చుట్టరికాలు

మా ఊరి కోట తూర్పు గుమ్మం కాపలాదారు కిలియన్ గ్రూబర్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఎదురుపడ్డ మనిషికి ఊళ్ళో ఎవరో ఒకరితో చుట్టరికం కలిపితే గాని వదిలేవాడు కాదు. వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే గుమాస్తాగా పదకొండేళ్ళు ఆ జబ్బు పక్కనే కూర్చున్నాను.

సంతరోజు కందకం వంతెన మీద బండ్లు బారులు తీరేవి. ఆయన మొదటి బండి దగ్గరే ఆగిపోయేవాడు.

"క్యాబేజీ ఏ ఊరిదోయ్?"

"ఆల్ట్‌డార్ఫ్‌ది బాబూ."

"అక్కడ పీపాలు చేసే హైన్ ఉండాలే?"

"మా మేనమామేనండీ."

"మరి చెప్పవేం? హైన్ మరదల్ని మా ఊరి తోళ్ళ వ్యాపారి లీన్‌హార్ట్ చేసుకున్నాడు. మీ అత్తకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?"

ఈలోగా వెనక బండ్ల ఎడ్లు వేసిన పేడ ఎండి పిడకలయ్యేది. నేను కలం విరగ్గొట్టుకునేవాణ్ణి.

తర్వాత యుద్ధం వచ్చింది. స్వీడన్ దండు చుట్టుపక్కల పల్లెలన్నీ తగలబెట్టింది. ఊళ్ళో తెగులు, ఆకలి. పాదిరి పోయాడు, పాతిపెట్టేవాడూ పోయాడు. మా పని అయిపోయిందనే అనుకున్నాను. నగరసభ కొత్త ఉత్తర్వు వేసింది: ఊళ్ళో చుట్టం ఉన్నవాళ్ళనే లోపలికి రానివ్వాలి, ఆ చుట్టమే తన రొట్టెలో వాటా పెట్టాలి. మిగతావాళ్ళని వంతెన మీంచే తిప్పి పంపాలి. వాళ్ళు ఎటు పోతారో అందరికీ తెలుసు.

కిలియన్ మాత్రం బీరకాయ పీచు సంబంధాలు తవ్వి తీస్తూనే ఉన్నాడు. అలా ఎంతమందిని లోపలికి తెచ్చాడో నా పుస్తకానికి తెలుసు. అనుమానం వచ్చి ఒకరోజు కాపలా దళపతి స్వయంగా వచ్చి నిలబడ్డాడు.

ఆ రోజే అపొలోనియా అనే ఆవిడ చంటిబిడ్డతో వచ్చింది. కిలియన్ గంటసేపు అడిగాడు. తాతలు, మేనత్తలు, పెళ్ళి పెద్దలు, ఆఖరికి వాళ్ళకి మేకని అమ్మినవాడు కూడా అయ్యాడు. ఎవరూ తగల్లేదు.

"నాకెవరూ లేరయ్యా, అందరూ పోయారు" అందావిడ.

"తిప్పి పంపు" అన్నాడు దళపతి.

 కిలియన్ బిడ్డకేసి చూసి, "వీడికి జ్ఞానస్నానం అయిందా తల్లీ?" అన్నాడు.

"ఎక్కడయ్యా? చర్చి కాలిపోయాకే పుట్టాడు."

కిలియన్ బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాడు. "గుమాస్తా, ప్రాణం మీదికొచ్చిన బిడ్డకి జ్ఞానస్నానం పాదిరే చేయించాలని లేదు, ఎవరైనా చేయించొచ్చు. ఆ చెంబులో నీళ్ళు పోసి మంత్రం చదువు. తండ్రిగా నిలబడే జ్ఞానతండ్రిని నేను."

చన్నీళ్ళు పడగానే ప్రాణం మీదికొచ్చిన ఆ బిడ్డ వంతెన అదిరేలా ఏడ్చాడు.

"బిడ్డ నా కొడుకు వరస" అన్నాడు కిలియన్. "చర్చి లెక్కలో జ్ఞానతండ్రికి బిడ్డ తల్లి కూడా చుట్టమే. పుస్తకంలో రాయి."

"రొట్టెవరు పెడతారు? నీ రొట్టెలో ఇప్పటికే పదిమంది ఉన్నారు" అన్నాడు దళపతి.

నేను రాయడం ఆపలేదు. "నీళ్ళు పోసినవాణ్ణి నేనేగా. సగం వాటా నేను పెడతాను" అన్నాను.

తల్లీబిడ్డల్ని ఇంటికి తీసుకెళితే మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది, ఎవరి తరఫు చుట్టాలని.

"మా తరఫే" అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న చెంబు పక్కన పెట్టి, వాళ్ళకి దారి ఇచ్చింది.