సశేషం గారికి నంబరు పడింది

ఆయన్ని పేటలో అందరూ సశేషం గారంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఆయన ఒక నవల మొదలుపెట్టాడు. ఆఫీసు ఆయన్ని రిటైర్ చేసి పంపేసింది గానీ నవల మాత్రం వదల్లేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఇంకొక్క అధ్యాయమే" అని చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకున్నాడు.

రాసుకోవడానికి ఇల్లు పనికిరాదు. ఇంట్లో భార్య కుట్టుమిషను ఉంది. అది నడిస్తే ఆయనకి ఆలోచన రాదు, ఆగితే ఎందుకాగిందా అన్న ఆలోచన తప్ప ఇంకోటి రాదు. అందుకని పేట లైబ్రరీకి చేరేవాడు. కిటికీ పక్కన చెయ్యి విరిగిన కుర్చీ ఆయనది. పాత కాగితాల వాసన, ఫ్యాను గొణుగుడు, దినపత్రిక కోసం ఇద్దరు ముసలాళ్ళ కీచులాట, ఇవన్నీ ఉంటే గానీ కలం కదలదు. నిజం చెప్పాలంటే ఆయనకి రాయడం కంటే లైబ్రరీ అంటేనే ప్రాణం. ఆ అలమరాల్లో తన పుస్తకం ఒకటి నిలబడాలని ఒకటే ఆశ. ముందు పూర్తి చెయ్యాలి కదండీ అని ఎవరైనా అంటే మొహం మాడ్చుకునేవాడు.

ఏడాదికోసారి లైబ్రరీలో సామాను లెక్క చూస్తారు. ఆ రోజు ఎవర్నీ రానివ్వరు. సశేషం గారు బతిమాలుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. కథానాయిక రైలు దిగబోతోంది, తను లేస్తే ఆవిడ మళ్ళీ వెళ్ళి సీట్లో కూర్చుంటుందని ఆయన భయం. ఆ ఏడు పెద్దాఫీసు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. తలుపులు మూశాక హాల్లో ఏది ఉంటే దానికల్లా ముద్ర వేసి నంబరు అంటించాలి. లైబ్రేరియన్ అమ్మాయి ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించే మనిషి. పుస్తకాలకు వేసింది, బల్లలకు వేసింది, గోడ గడియారానికి వేసింది. కిటికీ దగ్గర కుర్చీకి వేసి, అదే ఊపులో ఆయన కాలరు మీద ఠపీమని ముద్ర కొట్టి, చొక్కా జేబు మీద నంబరు అంటించింది.

సాయంత్రం సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే అమ్మాయి అడ్డం వచ్చింది.

"బాబాయి గారూ, మీరు వెళ్ళకూడదు. లెక్క పైకి పంపేశాను. ఒకటి తగ్గిందంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"మరి ఇంటికెలా పోనమ్మా?"

"ఎవరైనా కార్డు మీద తీసుకెళ్ళాలి."

ఇంకొకరైతే లైబ్రరీ పైకప్పు ఎగరగొట్టేవాళ్ళు. సశేషం గారికి మాత్రం ఆనందంతో కళ్ళు చెమర్చాయి. పుస్తకం రాయకుండానే లైబ్రరీలో నంబరు పడింది!

భార్యకు కబురు వెళ్ళింది. మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చింది.

"నా మొగుణ్ణి నేను అరువు తీసుకెళ్ళడమేంటమ్మా? మతి గానీ పోయిందా?"

"రెండు వారాలు ఉంచుకోవచ్చు పిన్ని గారూ. పేజీలు మడవకండి" అంది అమ్మాయి అలవాటు కొద్దీ.

అలా కొన్నాళ్ళు నడిచింది. గడువు అయ్యేసరికి ఆవిడ తీసుకురావడం, కార్డు మీద తేదీ వేయించుకుని మళ్ళీ తీసుకెళ్ళడం. ఒకరోజు మాత్రం ఆయన్ని కౌంటరు ముందు నిలబెట్టి, "ఇది వెనక్కి తీసుకో. నాకు ఆ కుట్టుపని పుస్తకం ఇవ్వు" అంది. కార్డు మీద ఒకటే ఇస్తారు మరి.

"ఏమిటే, నన్ను ఇచ్చేస్తున్నావా?"

"చదివినన్నాళ్ళు చదివానండీ. రోజూ అదే అధ్యాయం. ఆవిడ రైలు దిగుతుందా? దిగదు. చివరి పేజీలు లేని పుస్తకం ఇంకెన్నాళ్ళు చదవను?" ఆవిడ కుట్టుపని పుస్తకం చంకలో పెట్టుకుంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆయన అలమరా పక్కన బల్ల మీదే పడుకోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు ఎగాదిగా చూసేవాళ్ళు. ఇందులో హత్య ఉందా అని ఒకడు అడిగాడు. లేదు, మనస్తత్వ చిత్రణ ఉందని ఈయన చెప్పేలోపే వాడు మాయం. దినపత్రిక ముసలాళ్ళయితే రోజూ చూసే మొహమేగా అని తీసిపారేశారు. అంతలో ఇంకో ఉత్తర్వు దిగింది. నెలాఖరులోగా ఎవరూ తీసుకెళ్ళని వాటిని పాత కాగితాల వ్యాపారికి తూకానికి ఇచ్చెయ్యాలి. తూకం సంగతి ఎలా ఉన్నా, ఆలోగా భార్య వచ్చి తనని అడగదేమోనని సశేషం గారికి గుండెల్లో రాయి పడింది.

అమ్మాయికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చినిగిన పుస్తకమైతే ముందు బైండింగుకి పంపి చూడొచ్చన్న నియమం గుర్తొచ్చి, ఆయన్ని వెనక గదికి పంపింది. బైండింగు తాత ఆయన సంచీలోని కాగితాలన్నీ తిరగేశాడు.

"చివర ఏదీ?"

"ఇంకా రాయలేదు."

"రాయనిది నేనెలా కుట్టను బాబూ? కానివ్వు, త్వరగా రాయి. దారం ఎక్కించేశాను" అని సూది గాల్లోకి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.

అలా సూది పట్టుకున్న మనిషి ఎదురుగా ఉంటే ఎవరికి మాత్రం కలం ఆగుతుంది? ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక మనిషి ఇలాగే సూది పట్టుకుని తన ముగింపు కోసం కూర్చుందని ఆయనకు అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఏడుస్తూనే కథానాయికను రైలు దింపాడు. తాత ముడి వేసి దారం తెంపాడు.

నెలాఖరున వరండాలో పాత కాగితాల వ్యాపారి త్రాసు సర్దుకుంటుండగా భార్య రానే వచ్చింది. కుట్టుపని పుస్తకం కౌంటరు మీద పెట్టింది.

"మా ఆయన్నివ్వు. చివరి పేజీలు లేకపోతే పీడాపోయె."

తాత కుట్టిన నవలను సశేషం గారు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చివరి అధ్యాయం నిలబడే చదివింది. చదివి, టేపు కొసతో కళ్ళొత్తుకుంది.

"దిగిందన్నమాట."

"రెండు వారాలకే కదా పిన్ని గారూ?" అంది అమ్మాయి, తేదీ ముద్ర పట్టుకుని.

"కాదు. ఈయన పోయినట్టు రాసుకో."

"పోతే బదులు ఇంకోటి ఇవ్వాలండీ."

ఆవిడ నవలను కౌంటరు మీదికి తోసింది. "ఇదిగో బదులు."

సశేషం గారు గుండె పట్టుకున్నాడు. "అదొక్కటే ప్రతి! ఇంకా దిద్దుకోవాలి!"

"మీరూ నాకు ఒక్కరేగా. పదండి."

అమ్మాయి ఆయన జేబు మీది నంబరు ఊడదీసి నవలకు అంటించింది. లెక్క సరిపోయింది.

మర్నాడు తలుపులు తీసేసరికే ఆయన పెన్సిలుతో గుమ్మంలో ఉన్నాడు.

"ఒక్క వాక్యం మార్చుకుంటానమ్మా. చివరి పేజీలో."

"లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదు బాబాయి గారూ. అయినా అది లేదు. పాత కాగితాల ఆయన నిన్ననే తీసుకెళ్ళాడు."

"తూకానికా?"

"చదవడానికి. కార్డు చేయించుకుని మరీ తీసుకెళ్ళాడు. పిన్ని గారి మాటలు విన్నాడుగా, ఆవిడెవరో ఎందుకు దిగిందో తెలుసుకోవాలట. మీరు కనబడితే ముగింపు ముందే చెప్పెయ్యొద్దని చెప్పమన్నాడు."

సశేషం గారు పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. చెయ్యి విరిగిన కుర్చీ లాక్కొచ్చుకుని, అలమరాలో తన పుస్తకం లేని ఆ ఖాళీకి ఎదురుగా కూర్చుని, ఆ పూటంతా దాన్నే చూశాడు.