మూల చిరిగిన ఫొటో

ఫొటోకు చిరిగిన కాగితపు అంచు పెట్టడం ఇప్పుడు ఫోన్లో ఒక్క నొక్కుతో అయిపోతోంది. ఆ అంచు ఎవరి కంటికి ఏమని కనపడుతుందో ఫోన్ చెప్పదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

మరమగ్గాల పట్నం భివండీలో, నిజాంపురాలోని ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపులో నేను సీనియర్ డిజైనర్ అయిన ఏడాది, వానాకాలంలో జరిగిందిది. హోటళ్ల గోడలకు ఆర్ట్ ప్రింట్లు చేసేవాళ్లం. చేతి కాగితం తయారీలో గుజ్జు చట్రం అంచున పలచబడి గరుకు అంచు వస్తుందని లైబ్రరీ పుస్తకంలో చదివాక, సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంచులు వాడటం మానేశాను. అసలు కాగితాన్నే చింపి, స్కాన్ చేసి, మాస్క్‌గా వేసేవాణ్ణి. మాస్క్ అంటే ఫొటోలో ఎంత భాగం కనపడాలో నిర్ణయించే పొర. దాని కింద సన్నటి నీడ పెడితే నిజంగా చింపినట్టే ఉంటుంది.

అక్కడే గైబీ నగర్‌లో మగ్గాలు నడిపే నర్సయ్య, సొంతూళ్లో ఇంటికి పంపడానికి తన ఫొటో పెద్దది చేయమన్నాడు. "హోటల్ల పెడ్తరు సూడు, గట్ల జెయ్యన్నా" అన్నాడు. చేశాను. పై మూల ఒకటి బాగా చిరిగినట్టు వచ్చింది. నాకు అదే నచ్చింది. ప్రింటుకు ముందు నమూనా చూపించి ఒప్పుకోలు తీసుకోవడం పద్ధతి. అతను భార్య లచ్చవ్వ నంబరిచ్చి, ఆమెకే పంపమని డ్యూటీకి పోయాడు. పంపాను.

కాసేపటికి ఆమె ఫోన్. "అన్నా, మా ఆయన ఎట్ల సచ్చిపోయిండు?"

వెనకాల ఏడుపులు. పూర్వం భివండీ నుంచి చావు కబురు రాస్తే, చదువు రానివాళ్లకూ తెలియాలని కార్డు మూల చింపి పంపేవాళ్లట. ఆమె అత్త ఫొటోలో ఆ మూలనే చూపించిందట. బతికే ఉన్నాడమ్మా, అది డిజైను అన్నాను.

"గట్లయితే ఫోనెందుకు ఎత్తుతలేడు? మా మరుదులు శవం తెచ్చెటందుకు జీపు మాట్లాడుతున్రు. నిజం జెప్పన్నా."

నేనూ అతనికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. మగ్గాల చప్పుడులో వినపడదని తెలుసు. అయినా మళ్లీ చేశాను. మగ్గాల షెడ్లలో తడి గోడలు, అతుకుల కరెంటు వైర్లు గుర్తొచ్చాయి. చేతిలో పని వదిలేసి బయల్దేరాను. మూఢనమ్మకాలను ఖండించే పుస్తకాలు ఎన్నో చదివినవాణ్ణి; ఆ మూల చింపింది నా చేతులేనన్న ఆలోచన మాత్రం దారంతా వదల్లేదు. కార్ఖానా సందులో జనం గుమిగూడి కనపడితే తోసుకుంటూ ముందుకెళ్లాను. చూస్తే కూరగాయల బండి బోల్తా పడింది.

జాబర్ సలీం భాయ్, అంటే మగ్గాల మరమ్మతు చూసే మేస్త్రీ, గుమ్మంలో ఉన్నాడు. నర్సయ్య ఎక్కడన్నాను. "కౌన్సా నర్సయ్య?" అన్నాడు. లోపల ఆ పేరున్నవాళ్లు ముగ్గురట. ముగ్గురినీ పిలిపించాడు. మొదటివాడు కాదు, రెండోవాడు కాదు. ఆఖరున ఒళ్లంతా దూది పొట్టుతో మా నర్సయ్య వచ్చాడు.

జరిగింది చెప్పి, లచ్చవ్వకు ఫోన్ కలిపి ఇచ్చాను. "ఏందే, నన్ను సంపినవా?" అన్నాడు.

"గొంతు నీ లెక్కనే ఉంది. నువ్వే అయితే మా అన్న పెండ్లిల తాగి ఏం జేసినవో చెప్పు."

అతను నా వైపు చూసి, పక్కకు పోయి చెప్పాడు. తర్వాత లచ్చవ్వ తిట్లు నాకూ వినపడ్డాయి.

బతికున్న మనిషి ఫొటోకు నాలుగు మూలలూ నిండుగా ఉంచాలి. చింపు కింది అంచున మాత్రమే ఉండాలి. నమూనా పంపే ముందు దాన్ని ఎవరెవరు చూస్తారో అడగాలి. పని మానేదాకా ఇది పాటించాను.

మగ్గాలు ఆపించి మరీ ముగ్గురినీ పిలిపించిన సలీం భాయ్‌కి, నా మీద కోపం పెట్టుకోని నర్సయ్యకు కృతజ్ఞతలు. జీపు కదలకముందే ఫోన్ చేసి అడిగిన లచ్చవ్వకు మరీ ఎక్కువ.