షావొల్యూచ్యూలో చివరి పడవ వెళ్ళాక

తైవాన్‌లో ఉన్న చెల్లెలు సునీత మూడేళ్ళుగా రమ్మంటోంది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. చూడాలని లేక కాదు, చెప్పవలసిన మాట ఒకటి ఉండి. పదకొండేళ్ళ కింద ఆమెకు అక్కడ మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, ఒక్కతే అంత దూరం ఎందుకని, ఆమె పాస్‌పోర్టు తీసి నా జిరాక్స్ షాపులో కాగితం కట్టల వెనక దాచాను. ఎక్కడో పడిపోయిందనుకుని పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగింది. ఆ ఉద్యోగం చేజారింది. ఏడాదికి కొత్త పాస్‌పోర్టు, మరో ఉద్యోగం సంపాదించుకుని వెళ్ళింది. నేను నోరు విప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి అశోక్‌నగర్‌లో షట్టర్ దించి విమానాశ్రయం బస్సు ఎక్కాను. పక్క సీట్లో దుబాయి పనికి పోతున్న పాలమూరు మనిషి. నేను మాటిమాటికీ జేబు తడుముకోవడం చూసి, "అన్నా, పాస్‌పోర్టు గట్ల పైజేబుల పెట్టకు. అది పోతే మనిషి యాడికి పోడు," అన్నాడు. ఆ తరువాత దారిలో ఏం చూశానో గుర్తులేదు.

బ్యాంకాక్‌లో విమానం మారి, మర్నాడు తైపేలో దిగాను. సునీత ఇల్లు అక్కడికి గంట దూరం. ఆమె భర్తకు సెలవు దొరకలేదు. శనివారం ఉదయం ఏడింటికి సునీత, ఆమె ఏడేళ్ళ కూతురు అమ్ములు, నేను హైస్పీడు రైలెక్కాం. గంటన్నర తరువాత దక్షిణాన దిగి, బస్సులో రేవుకు చేరాం. షావొల్యూచ్యూ ద్వీపానికి పడవలో అరగంట. వెళ్ళేవారు వాంతులు రాకుండా మాత్ర ముందే వేసుకోవాలి. నేను వేసుకోక, ప్లాస్టిక్ సంచి పట్టుకుని కూర్చున్నాను. సునీత వీపు నిమిరింది.

"మామా, నీకన్న నేనే నయం," అంది అమ్ములు.

ద్వీపం చిన్నది. చుట్టూ తిరిగే బస్సు ఉంది, ఎక్కడైనా దిగవచ్చు. నల్లటి పగడపు రాళ్ళ మధ్య నీళ్ళు గాజులా ఉంటాయి. తాబేళ్ళు ఒడ్డు దగ్గరికే వచ్చి, తలెత్తి గాలి పీల్చి మునుగుతాయి. మధ్యాహ్నం చేప, అన్నం. దిగిన ప్రతిచోటా ఇప్పుడు చెప్పేద్దామనుకుని, ఫొటోలు తీశాను.

సాయంత్రం ఐదున్నరకు చివరి పడవ వెళ్ళిపోయింది. మేం ఆ రాత్రికి ద్వీపంలోనే గది తీసుకున్నాం. ఒడ్డున అమ్ములు దూరంగా గవ్వలు ఏరుకుంటుంటే, ఇక ఆగలేక అంతా చెప్పేశాను.

సునీత ఎందుకు చేశావని అడగలేదు. పడవ పోయిన వైపే చూస్తూ కూర్చుంది.

"ఫోన్ల చెప్పొద్దా అన్నా? పోనీ పొద్దుగాల చెప్పొద్దా? పడవ పోయినంక చెప్తివి. నేనిప్పుడు యాడికి పోవాలె?"

నా బరువు దిగితే చాలనుకున్నాను. విన్న మనిషి ఏమైపోతుందో ఆలోచించలేదు. పదకొండేళ్ళ కింద కూడా అంతే.

ఆ రాత్రి ఒకే గదిలో, ఇద్దరం అమ్ములుతోనే మాట్లాడాం. మర్నాడు మొదటి పడవకే తిరిగొచ్చాం. నా విమానం రోజున సునీత విమానాశ్రయం దాకా వచ్చింది. దారిలో తినమని పులిహోర డబ్బా ఇచ్చింది.

"నువ్వు ఫోన్ చెయ్యకు అన్నా. చెయ్యాలనిపిస్తే నేనే చేస్త."

ఎప్పుడని అడగబోయి ఆగాను.

షావొల్యూచ్యూ చూడదగ్గ ద్వీపమే. వెళ్ళండి, ఒక రాత్రి ఉండండి. నాలా చెప్పవలసిన మాట మోసుకెళ్ళేవారు మాత్రం పడవ ఉండగానే చెప్పండి, విన్నవాళ్ళు లేచి వెళ్ళిపోగలిగేలా.

ఇల్లు చేరి మూడు వారాలైంది. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటోంది. నేను మాత్రం చేయలేదు.